లైబ్రరీలో కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

గుంటూరు నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫైనలియర్, ప్రాజెక్టు బాల్య వివాహాల మీద, పొద్దస్తమానం లైబ్రరీలో, పరిశోధన పేపర్లు వెతికే డేటాబేస్ ముందే ఉంటోందట, ఇంటికొచ్చేసరికి రాత్రి ఆలస్యమవుతోందట. బావమరిది కొడుకు అమీర్‌పేటలో ఆర్నెల్ల హెల్త్‌కేర్ అనలిటిక్స్ (వైద్యరంగం లెక్కల్ని కంప్యూటర్లో విశ్లేషించే) కోర్సు చేసి బెంగళూరులో సెటిలయ్యాడు, మా పిల్లని కూడా అందులో వేయమంటారా, రెండూ పోల్చి చెప్పండి అని.

పోలుస్తాను గానీ సార్, మీ గుబులంతా ఆ బావమరిది కొడుకు జీతం దగ్గరుంది. ఈ ఉత్తరం నాకు ఊళ్ళ పేర్లు మారి వస్తూనే ఉంటుంది. ముందు కంగారు తగ్గించుకోండి, పిల్ల టైం వేస్ట్ చేయట్లేదు.

అక్కడ తను ఏం చేస్తోందో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. గూగుల్‌లో కొట్టినట్టు పెద్ద వాక్యం కొడితే ఈ డేటాబేసుల్లో చాలాసార్లు ఏమీ రాదు. ఒకరు చైల్డ్ మ్యారేజ్ అని రాస్తారు, ఇంకొకరు ఎర్లీ మ్యారేజ్ అంటారు, ఆ రెంటి మధ్య ఆర్ (OR, ఏదో ఒకటి ఉన్నా చాలని) పెట్టి బ్రాకెట్లో వేసి, ఆంధ్రప్రదేశ్‌ని యాండ్‌తో (AND, రెండూ ఉండాలని) కలపాలి, అప్పటికీ కుప్ప వచ్చి పడితే రక్తహీనత అనో చదువు మానేయడం అనో ఇంకో మాట చేర్చి తగ్గించుకోవాలి. వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో అయితే చాలా పేపర్లకి మెష్ అని సబ్జెక్టు హెడింగులు తగిలించి ఉంటాయి, రాసినాయన ఏ మాట వాడినా హెడింగు పట్టుకుంటే దొరికిపోతుంది. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళు 1997 నుంచి పబ్‌మెడ్‌ని అందరికీ ఫ్రీగా ఇస్తున్నారు. సామాజికం వైపు శోధ్‌గంగ ఉంది, మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో దొరుకుతాయి.

ఇక ఆ కోర్సుల సంగతి. నాకు వాటి మీద గట్టి అనుమానమే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది, దేశం మొత్తానికి 23.3. ఆర్నెల్లు టూల్స్ నేర్చుకున్నవాడు దీనికి రంగురంగుల చార్టు గీసేస్తాడు, ఈ ఏడాది పెళ్ళిళ్ళే అనుకుంటాడు. కానీ లెక్క 20-24 ఏళ్ళ వాళ్ళని అడిగి తీసింది కాబట్టి అవి అంతకు కొన్నేళ్ళ ముందు జరిగిన పెళ్ళిళ్ళు, ఇది పేపర్లు చదివే పిల్లకి తెలుస్తుంది. ఏఐని అడిగితే సరిపోదా అంటారేమో, అది ఒక్కోసారి లేని పేపరుకి జర్నల్ పేరు, సంవత్సరం కూడా కల్పించి చేతిలో పెడుతుంది, డేటాబేస్‌లో వెతికి చూసేదాకా దొంగో దొరో తెలీదు. ఇంతకీ ఆ కోర్సుల వాళ్ళ హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అన్న బోర్డు కింద చిన్నక్షరాలు చదివారా అసలు?

పైగా అంత పొడుగు ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు మీరు. బాల్య వివాహాల మీద ప్రాజెక్టు చేస్తున్న పిల్ల కెరీర్‌ని మేనమామ కొడుకు జీతం తేలుస్తుందా? ఇదేం బాగుంది సార్?

పోలిక అడిగారు కదా, చెప్తా. ఎన్జీవోల్లో, ఆస్పత్రి సోషల్ వర్కర్ పోస్టుల్లో మొదటి జీతం తక్కువే, అది దాచను. అనలిటిక్స్‌లో ఉద్యోగం తగిలితే మొదట్లో ఎక్కువ రావచ్చు, తగిలితే. ఎక్సెల్, లెక్కలు విశ్లేషించే ఆర్ (R) లాంటివి నేర్చుకోవడం మంచిదే, ఈ ఆర్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే వస్తుంది, సెలవుల్లో కానివ్వండి. ప్రాజెక్టు సబ్మిట్ చేసేదాకా మాత్రం ఎవరికీ అడ్వాన్స్ కట్టొద్దు, ఆ తర్వాత కోర్సు కావాలని తనే అడిగితే అప్పుడు చూద్దాం.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలకి బోలెడు జర్నల్స్ వస్తున్నాయి, ఇంటి నుంచి లాగిన్ అవ్వడానికి కుదురుతుందేమో లైబ్రేరియన్‌ని అడగమనండి, రాత్రి ఆలస్యమవుతోందన్న మీ బెంగ కూడా కొంత తగ్గుతుంది.