5 కిలోవాట్లకైనా రాయితీ 78,000 రూపాయలే

నమస్కారమండీ. నెలకు 300 యూనిట్లు వాడే మీ ఇంటికి 5 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే రాయితీ పెరుగుతుందా అని అడిగారు, పెరగదు. ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించుకునేవారి కోసం కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో తొలి 2 కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున, మూడోదానికి 18,000 లెక్కగట్టి, మొత్తం 78,000 దగ్గర ఆపేస్తారు. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి కనుక మీకు 3 కిలోవాట్లు చాలు. చవకగా ఇస్తామంటున్న విదేశీ ప్యానెళ్ల జోలికి మాత్రం వెళ్లకండి: ప్యానెలు, అందులో కరెంటు పుట్టించే సెల్లు రెండూ దేశంలో తయారైనవి కాకపోతే రాయితీయే రాదు. దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూసుకోండి. మా మీటరు కీర్తిశేషులైన నాన్నగారి పేరునే ఉండిపోవడంతో, దాన్ని మార్పించుకోవడానికే రెండు నెలలు తిరిగాను. నెట్ మీటరు (మీరు వాడిన కరెంటునూ, మీ సోలార్ నుంచి బయటి లైనుకు వెళ్లిన కరెంటునూ లెక్కించే మీటరు) బిగించి తనిఖీ పూర్తయ్యాకే సొమ్ము ఖాతాలో పడుతుంది కాబట్టి, అప్పటిదాకా ఖర్చంతా మీరే సర్దుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి.