ఓపీ చీటీ నీ పేరుతోనే రాయించుకో

చంద్రగిరి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మడికి మామ ఆశీస్సులు.

శుక్రవారం రాత్రి మీ అమ్మ చిత్తూరు నుంచి ఫోన్ చేసి అరగంటసేపు ఏడ్చింది. నువ్వు రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవాలని నిశ్చయించుకున్నావనీ, ఆ సంగతి దాచకుండా 108 అంబులెన్సుల్లో నీలాగే ప్రథమ చికిత్స చేసే ఈఎంటీలకు, బండి నడిపే పైలట్లకు కూడా చెప్పేశావనీ, పైగా నెలకొకసారి వాళ్లను ఒకచోట చేర్చి మాట్లాడుకోవాలనుకుంటున్నావనీ చెప్పి, "సంబంధాలు చూస్తా వుంటే ఇదేం బుద్ధన్నా ఈ పిల్లకు, నువ్వన్నా చెప్పి మాన్పించు" అని బతిమాలింది. మాన్పిస్తానని నేను మాట ఇవ్వలేదు. ముప్పై ఆరేళ్లు అగ్నిమాపక శాఖలో పనిచేసినవాణ్ని కనుక నీ మాట వినగానే నాకు గర్వమే కలిగింది. ఆ గర్వంతో పడుకున్నవాడికి తెల్లవారేదాకా నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

ముందు తిట్టవలసింది తిడతాను. పూతలపట్టు–నాయుడుపేట రహదారి మీద ఆ ప్రమాదం జరిగి ఏడు నెలలైంది. అప్పటినుంచి నీకు సరిగా నిద్ర లేదనీ, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నావనీ, ఆ దారిలో వెళ్లవలసిన కేసు వచ్చినప్పుడల్లా పైలట్‌తో ఏదో ఒక గొడవ పెట్టుకుంటున్నావనీ, గదికి రాగానే మోచేతుల దాకా సబ్బు పెట్టి పదే పదే కడుక్కుంటున్నావనీ నాకు ఇప్పుడు తెలిసింది. గుండెనొప్పి మొదలైన మూడు గంటలకు 108కి ఫోన్ చేసిన ఇంటివాళ్లను "ఇప్పుడా మీకు గుర్తొచ్చింది" అని కసురుకున్నానని నువ్వే ఒకసారి నాకు చెప్పావు. నీ విషయంలో నువ్వు చేసింది ఏమిటి? చూడరానిది చూసినవాళ్లకు మొదటి రోజుల్లో నిద్ర చెడిపోవడం, అదే దృశ్యం కళ్లముందు మెదలడం సహజమే. చాలామందికి కొన్ని వారాల్లో అది దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకుండా పనికీ ఇంటికీ అడ్డం వస్తూ ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవలసిందే. ఆ జబ్బును 1980లో అమెరికా మానసిక వైద్యులు పీటీఎస్‌డీ అనే పేరుతో తమ రోగాల పట్టికలో చేర్చారు. నేను 1983లో ఉద్యోగంలో చేరాను. ఆ పేరు నా చెవిన పడడానికి మరో పదమూడేళ్లు పట్టింది.

ఉదయమే వెళ్లు, రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లవద్దు, చెప్పవలసినవన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఇవి నీకు నేను చెప్పనక్కర్లేదు.

నీకు చెప్పవలసింది వేరే ఉంది. మీ అమ్మ చివరికి ఒక రాజీమార్గం కనిపెట్టింది. "అంతగా అయితే రాయవేలూరు తీసుకుపోతాను, అక్కడైతే మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు" అంటోంది. వేలూరు వైద్యానికి నేను వంక పెట్టను, మన జిల్లాలో సగం మంది ప్రాణాలు అక్కడే నిలిచాయి. కానీ ఈ వైద్యం ఒక్కరోజుతో అయ్యేది కాదు. వారం వారం వెళ్లి కూర్చోవాలి. నువ్వుండేది తిరుపతిలో. వందకు పైగా కిలోమీటర్లు షిఫ్టుల మధ్య ఎన్ని వారాలు తిరుగుతావు? మూడో వారం బస్సు తప్పుతుంది, నాలుగో వారం నువ్వే మానేస్తావు. దాచుకోవడానికి దూరం వెళ్లినవాళ్లు వైద్యానికి కూడా దూరమే అవుతారు. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. ఇంతవరకు మీ అమ్మకు కూడా తెలియని సంగతి ఒకటి ఇప్పుడు రాస్తున్నాను.

1992 వేసవిలో పాకాల వైపు ఒక పల్లెలో, పెళ్లికి బయలుదేరిన ట్రాక్టరు గట్టు లేని వ్యవసాయ బావిలో పడింది. మేము చేరేసరికి చీకటి పడింది. బావి ఒడ్డున రెండు రాతి స్తంభాల మధ్య పాత ఇనుప గిలక ఒకటి ఉంటే, మా తాడు దాని మీదుగానే వేసి నన్ను దింపారు. నేను నీళ్లలో వెతికి ఒక్కొక్కరినీ తాడుకు కట్టి ఇస్తూ ఉంటే పైవాళ్లు లాగేవాళ్లు. లాగిన ప్రతిసారీ నూనె ఎరుగని ఆ గిలక కీచుమని అరిచేది. ఏడుసార్లు అరిచింది. తెల్లవారి స్టేషన్‌కు వచ్చి స్నానం చేసి, రోజూలాగే డ్రిల్‌కు నిలబడ్డాను. మా ఆఫీసరు మంచివాడే, భుజం తట్టి "శభాష్" అన్నాడు. ఆ శభాష్ అందుకున్న తర్వాత ఇక ఏమని చెప్పుకోవాలో నాకు తోచలేదు.

మేము అప్పుడు అద్దెకున్న ఇంటి పక్కన చేదబావి ఉండేది. తెల్లవారుజామున ఎవరు నీళ్లు చేదుకున్నా ఆ చప్పుడుకు లేచి కూర్చునేవాణ్ని. ఒళ్లంతా చెమట, ముక్కు నిండా నాచు వాసన. అద్దె ఎక్కువని మీ అత్తకు అబద్ధం చెప్పి ఇల్లు మార్చాను. రెండేళ్లలో మూడు ఇళ్లు మార్చాను. ఇల్లు ఎలా ఉందని కాక, వీధిలో బావి ఉందా లేదా అని చూసేవాణ్ని. మా అత్తగారికి నిద్ర కోసం ఎవరో డాక్టరు రాసిన డైజిపామ్ చీటీ ఒకటి ఇంట్లో ఉంటే, దాన్ని తీసుకుని మందుల షాపుకు వెళ్లాను. ఒక మాత్ర వేసుకున్నాను, ఆ రాత్రి గిలక అరవలేదు. ఒకటి రెండైంది, రెండు మూడయ్యాయి. చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది, ఆ తర్వాత షాపువాడు దాన్ని అడగడమే మానేశాడు. స్ట్రిప్పులను యూనిఫాం పెట్టెలో బూట్ పాలిష్ డబ్బా కింద దాచేవాణ్ని. నాలుగేళ్లపాటు నా జబ్బు మా అత్తగారి పేరు మీద నడిచింది.

1996 బ్రహ్మోత్సవాలకు నన్ను తిరుమలలో స్టాండ్‌బై డ్యూటీకి వేశారు. స్వామి కొండ మీద ఈ అలవాటు ఎందుకని, మొక్కులాగా అనుకుని, మాత్రలన్నీ ఇంట్లో వదిలి వెళ్లాను. ఏళ్ల తరబడి వాడిన ఆ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదని నాకు చెప్పేవాళ్లు ఎవరున్నారు, వాడుతున్నానని నేను ఎవరికైనా చెబితే కదా! మొదటి రోజు చేతులు వణికాయి. రెండో రాత్రి రెప్ప పడలేదు. మూడో రోజు ఉదయం సింహవాహనం సాగుతున్న వేళ, ఫైరింజన్ పక్కన నిలబడినవాణ్ని నిలబడినట్టే ఫిట్స్ వచ్చి పడిపోయాను. నా నుదుటి మీది మచ్చను చిన్నప్పుడు నువ్వు వేలితో తడిమి, "మంటల్లో తగిలిందా మామా" అని అడిగేదానివి, నేను ఔననేవాణ్ని. మంటల్లో కాదు తల్లీ. అది మా బండి బంపరు.

ఆసుపత్రిలో డాక్టరు "ఏమైనా మాత్రలు వాడుతున్నారా" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేదన్నాను. మూర్ఛరోగమని రాస్తే ఉద్యోగానికే ముప్పని తెలిసి కూడా లేదన్నాను, ఎందుకంటే మూర్ఛ ఉన్నవాడు అనిపించుకోవడం కంటే భయపడినవాడు అనిపించుకోవడం నాకు పెద్ద అవమానంగా ఉండేది. నాలుగోసారి అడిగినప్పుడు మీ అత్త సమాధానం చెప్పింది. కొంగు ముడి విప్పి, ఆరో ఏడో ఖాళీ స్ట్రిప్పులు తీసి, బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి పెట్టింది. పాలిష్ డబ్బా కింద ఆమె వాటిని ఎంతకాలం కిందట చూసిందో ఈనాటికీ నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆయన నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి పంపించాడు. ఆ మాత్రను కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది, తగ్గించిన లెక్క అంతా మీ అత్త క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసేది. నేను బావుల నుంచి పారిపోతున్నంత కాలం బావి నాకు ఇంకా లోతవుతూనే ఉంటుందని చెప్పింది అక్కడి సైకాలజిస్టు. ఆవిడ ఆ రాత్రి సంగతి మొదటినుంచి చివరిదాకా నా చేత చెప్పించింది, వచ్చే వారం మళ్లీ చెప్పించింది, గొంతు పెగలనప్పుడు ఆగి, పెగిలాక మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టించింది. చివరికి ఒక ఇంటి పెరట్లో చేదబావి దగ్గర నిలబెట్టి నీళ్లు తోడమంది. గిలక అరిచింది. ఆ నీళ్లతోనే ముఖం కడుక్కున్నాను.

కాబట్టి, అమ్మడూ, డాక్టరు అడిగినదానికి ఒక్క అబద్ధం కూడా చెప్పవద్దు. నిద్ర కోసం ఇప్పటికే ఏమైనా వేసుకుంటూ ఉంటే మొదటి మాటగా అదే చెప్పు. ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమాత్రలకు చీటీ చూసి, రిజిస్టరులో రాసుకుని మాత్రమే ఇవ్వాలని 2014 నుంచి నిబంధన గట్టిపడింది. అయినా ఆసుపత్రుల మధ్య తిరిగే నీకు అవి దొరకడం కష్టం కాదని నాకు తెలుసు, నా భయమంతా అదే. ఈ జబ్బుకు నిద్రమాత్ర వైద్యం కాదని ఇప్పటి వైద్యులు గట్టిగా చెబుతారు. సర్ట్రలిన్ వంటి మందు రాస్తే అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పవచ్చు, "తగ్గింది కదా" అని నీ అంతట నువ్వు ఆపకూడదు. మందు కంటే ముఖ్యం, జరిగినదాన్ని నిపుణుల దగ్గర కూర్చుని ఎదుర్కొనే చికిత్స. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కూర్చోవలసి ఉంటుంది. మొదట్లో కొన్నిసార్లు ఇంటికి వచ్చాక ముందుకంటే బాధ ఎక్కువైనట్టు ఉండవచ్చు. అలా అయిందని మానేయవద్దు. ఆ రోజు నువ్వు గదికి వెళ్లకుండా మా ఇంటికి రా.

నలుగురికీ తెలుస్తుందని మీ అమ్మ భయం. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. నువ్వు చెప్పాలనుకున్నవాళ్లకు నువ్వు చెబుతావు, అంతే. ఇక పెళ్లి సంగతి. వైద్యం చేయించుకున్న పిల్ల వద్దనే ఇంటికి, రోడ్డు మీద పడినవాళ్లను ఎత్తుకొచ్చే పిల్లను పంపడం నాకు ఎలాగూ ఇష్టం లేదు.

నీ నెల సమావేశం గురించి ఒక్క హెచ్చరిక. ప్రతి ఏడాదీ ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన ఫైర్‌మన్లకు మేము వందనం చేస్తాం. ఆ మంటల నుంచి బతికి ఇంటికి వెళ్లినవాళ్లు ఆ తర్వాత ఎలా నిద్రపోయారో ఏ ఉపన్యాసంలోనూ నేను వినలేదు. అందువల్ల నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అయితే ఎవరినీ "ఏం చూశావో చెప్పు" అని బలవంతపెట్టవద్దు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి అంతా ఒక్కసారి చెప్పించే పద్ధతి ఒకటి విదేశాల్లో 1980ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. తర్వాత పరిశీలించి చూస్తే దానివల్ల ఈ జబ్బు ఆగలేదని తేలింది. టీ తాగండి, డ్యూటీల గురించి తిట్టుకోండి, మాట్లాడేవాడు మాట్లాడతాడు. తినడం, నిద్రపోవడం, ఇంటికి ఫోన్ చేయడం మానేసినవాడు ఎవరో గమనించండి. వాణ్ని మీరే బాగుచేయాలని చూడకుండా డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేయడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416 ఉంది. రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు బండిలో పైలట్ ఎదురుగా అంటించండి.

ఆ నంబరు నీకు కూడా. బతకాలని లేదనే ఆలోచన ఒక్క క్షణం తోచినా, అర్ధరాత్రి అని చూడకుండా అక్కడికి చెయ్యి, తర్వాత నాకు చెయ్యి, ఒంటరిగా ఉండవద్దు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

మంగళవారం నీకు ఆఫ్ అని తెలిసింది. ఉదయం ఏడున్నరకు రుయా గేటు దగ్గర ఉంటాను. డాక్టరు గదిలోకి రాను, బయట బెంచీ మీద కూర్చుంటాను. మీ అత్త పులిహోర కట్టి ఇస్తానంటోంది, నీ కోసమని చెప్పి నిమ్మకాయలు ఇప్పుడే తెప్పించి పెట్టింది. మీ అమ్మకు ఈ మచ్చ సంగతి రేపు నేనే చెబుతాను. చీటీ రాసే కౌంటరు దగ్గర పేరు అడిగినప్పుడు మాత్రం నేను పలకను. నువ్వే చెప్పు, ఇంటిపేరుతో సహా.

ఇట్లు,
మీ మామ