బకెట్ లేస్తలేదా? సీల్ కిట్ కొనేముందు గేజీ పెట్టండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా దగ్గర చిన్న ట్రాక్ లోడర్ ఉన్నది. చెరువు మట్టి, గ్రానైటు తుక్కు ట్రాక్టర్లల్ల పోస్తం. ఈ మధ్య నిండు బకెట్‌తోని బూమ్ (బకెట్‌ను ఎత్తే చేతులు) సగం లేచి ఆగుతున్నది. ఖాళీగైతే మంచిగనే పోతది. బండి నడకకు ఏం ఢోకా లేదు. మెకానిక్ రెండు జాకీలకూ సీల్ కిట్లు మార్చాలంటున్నడు. మార్పియ్యాల్నా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దు. ఖాళీగా మామూలు వేగంతో లేచి, బరువు పడగానే ఆగుతోందంటే ఆయిల్‌కు ఒత్తిడి చాలడం లేదు. దానికి జాకీ (బూమ్‌ను లేపే హైడ్రాలిక్ సిలిండర్) సీలు ఒక కారణం మాత్రమే, అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది కూడా కాదు. నడక బాగుందన్నారు. ట్రాకులను తిప్పే పంపులు వేరు, బూమ్, బకెట్లకు ఆయిల్ ఇచ్చే గేరు పంపు వేరు. కాబట్టి నడకను చూసి గేరు పంపు బాగుందనుకోకండి.

బండిని చదును నేల మీద పెట్టి, బూమ్ దించి ఆయిల్ మట్టం చూడండి. నురగ ఉంటే పంపులోకి గాలి పోతోంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే సక్షన్ పైపు క్లిప్పులు బిగించండి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, ఆయిల్ మార్చక తప్పదు.

తర్వాత బకెట్‌ను పూర్తిగా వెనక్కి మడిచి లీవర్ అలాగే రెండు సెకన్లు పట్టండి. ఇంజను బరువెక్కి, రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దుకు చేరగానే తెరుచుకుని ఆయిల్‌ను వదిలేది) గట్టిగా కూస్తే మంచి సూచన. బకెట్ కూడా నీరసంగా ఉంటే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే పంపు, మెయిన్ రిలీఫ్ వాల్వు, సక్షన్ వైపు. బకెట్‌లో బలం ఉండి బూమ్ మాత్రమే ఓడిపోతే బూమ్ స్పూలు (లీవర్‌తో కదిలి ఆయిల్ దారి మార్చే కడ్డీ), పోర్టు రిలీఫ్ (ఆ ఒక్క లైనుకే ఉండే రిలీఫ్ వాల్వు), జాకీలు చూడాలి.

అసలు తీర్పు గేజీదే. ఒత్తిడి కొలిచే 400 బార్ గేజీని ముందుభాగంలో అటాచ్‌మెంట్లకు ఆయిల్ ఇచ్చే కప్లరుకు (పైపు తగిలించే మూతికి) బిగించండి. చాలా బండ్లలో ఆ లైను కూడా అదే గేరు పంపు, అదే మెయిన్ రిలీఫ్ మీద నడుస్తుంది. ఆయిల్ వేడెక్కాక, ఇంజను ఫుల్ రేసులో, ఆ లైను ఆన్ చేసి అయిదు సెకన్లకు మించకుండా చూడండి. చిన్న లోడర్లలో సాధారణంగా 200 నుంచి 240 బార్ మధ్య రావాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

తక్కువ చూపిస్తే రేసు మార్చి మళ్లీ చూడండి. రేసు తగ్గించినప్పుడు ఒత్తిడి బాగా పడిపోయి, పెంచితే లేస్తుంటే పంపు అరిగి లోపల్లోపలే ఆయిల్ జారుతోంది. ఏ రేసులోనైనా 140 దగ్గరే నిలబడితే రిలీఫ్ ముందే తెరుచుకుంటోంది. దాన్ని విప్పి డీజిల్‌తో కడగండి. వాల్వు కూర్చునే సీటు మీద ఇసుక రేణువో లోహపు పొట్టో కూర్చుని ఉండొచ్చు, ఓ-రింగ్ తెగి ఉండొచ్చు, స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. గేజీ లేకుండా రిలీఫ్ స్క్రూ తిప్పే మెకానిక్‌ను మాత్రం బండి దగ్గరికి రానివ్వకండి. ఒత్తిడి హద్దు దాటితే ముందు హోస్ పైపులు పగులుతాయి, తర్వాత పంపు బాడీ. తిప్పాల్సి వస్తే పావు చుట్టు తిప్పి, గేజీ చూసి, మళ్లీ పావు చుట్టు.

గేజీ సరైన అంకె చూపించి, బూమ్ మాత్రమే లేవకపోతే అప్పుడు జాకీ పరీక్ష. బూమ్‌ను పూర్తిగా దించి ఫ్రేము మీద ఆనించండి. ఇంజను ఆపి, తాళంచెవి ఆన్‌లో ఉంచి లీవర్‌ను నాలుగైదు సార్లు కదిపి ఒత్తిడి వదలండి. ఒక జాకీ అడుగువైపు పైపు విప్పి, పైపు మూతికి స్టీలు ప్లగ్గు బిగించి, జాకీ రంధ్రం కింద డబ్బా పెట్టండి. ఇంజను స్లోలో ఉంచి లీవర్‌ను దించే వైపు పట్టండి. కొంచెం కారి ఆగితే సీలు బాగుంది. ధార ఆగకపోతే పోయింది. రెండో జాకీకీ ఇదే చేయండి. రెండూ ఒకే లైను మీద ఉంటాయి కనుక ఒకటి పోయినా రెండింటి బలమూ తగ్గుతుంది. సీలు మార్చేటప్పుడు జాకీ గొట్టం లోపల వేలిగోరుతో తడమండి. గీతలు తగిలితే కొత్త సీలు కొన్నాళ్లే నిలుస్తుంది.

ఒకవేళ అన్నీ బాగుంటే బరువు లెక్కేయండి. 0.4 ఘనమీటర్ల బకెట్ నిండా తడి చెరువు మట్టి ఎత్తితే దాదాపు 700 కిలోలు. ట్రాక్ లోడర్ మోయగల బరువుగా రాసేది అది ముందుకు ఒరిగే బరువులో 35 శాతమే. 2,000 కిలోలకు ఒరిగే బండికి 700తోనే సరి. అంటుకుపోయిన మట్టి గీకకుండా దాని మీద తుక్కు నింపితే తప్పు బండిది కాదు.

ప్రశ్న: మాది జిన్నింగ్ మిల్లు. లోడర్ పొద్దున మంచిగ ఎత్తుతది, మధ్యాహ్నానికి చేతులు పడిపోతయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: ముందు ఆయిల్ కూలరు చూడండి. దూది నూగు దాని సందుల్లో పేరుకుంటే పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాను గాలి వెళ్లే దిశకు ఎదురుగా గాలి కొట్టించండి. రేకులు వంగకుండా ఒత్తిడి తక్కువే పెట్టాలి. కూలరు, రేడియేటరు ఒకదాని వెనక ఒకటి ఉంటే వాటి మధ్య పేరుకున్నదీ తీయాలి. పత్తి సీజనులో ఇది రోజువారీ పని.

కూలరు శుభ్రమయ్యాక కూడా అలాగే ఉంటే గేజీని పొద్దున ఒకసారి, వేడెక్కాక ఒకసారి పెట్టండి. ఆయిల్ వేడికి పలచబడుతుంది, అరిగిన పంపు సందుల్లోంచి పలచటి ఆయిల్ సులువుగా జారుతుంది. చల్లగా 210, వేడికి 150 చూపిస్తే పంపు ఆఖరి దశలో ఉన్నట్టే. చిక్కటి ఆయిల్ పోసి నెట్టుకురావడం కొందరి అలవాటు. కంపెనీ చెప్పిన గ్రేడు 46 అయితే 46 పోయండి. లేకపోతే చలికాలం పొద్దున పంపుకు ఆయిల్ అందక గాలి పీలుస్తుంది.

ప్రశ్న: బూమ్ ఎత్తి ఇంజను ఆపితే మెల్లగ దిగుతున్నది. సీలు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: అందరూ అలాగే అనుకుంటారు. జాకీ లోపలి సీలు ఒక్కటే పోయి, వాల్వు రెండు వైపులా గట్టిగా మూసి ఉంటే బూమ్ కొంచెం దిగి ఆగాలి, ఎందుకంటే ఆ ఆయిల్‌కు బయటికి దారి లేదు. దిగుతూనే ఉందంటే స్పూలు అరగడమో, పోర్టు రిలీఫ్ సరిగా కూర్చోకపోవడమో ముందు చూడండి. బయట తడి ఉందా అన్నది చేత్తో తడమకండి. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది, అట్టముక్క వాడండి. ఎత్తిన బూమ్ కింద పని చేయాల్సి వస్తే కంపెనీ ఇచ్చిన లాక్ బిగించిన తర్వాతే వెళ్లండి. కర్ర, ఇటుకల ఆసరా పనికిరాదు.