పికప్ ట్రక్కు కొనబోతున్న మా అమ్మలుకి

చి. సౌ. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పికప్ ట్రక్కు కొని, దానికి 6,000 పౌండ్ల ట్రైలర్ తగిలించి, పిల్లలతో డెన్వర్ నుంచి మోయబ్ వెళ్తావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల అంత బండిని కొండల మీద నడుపుతుందంటే ఛాతీ ఉప్పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ దారిలో రాకీ కొండల మీద ఐజెన్‌హవర్ సొరంగం ఉంది.

రంగు, సీట్లు నీ ఇష్టం. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో మనుషులు, సామాను కలిపి ఎంత బరువని రాసి ఉంటుందో అది దాటకు. ట్రైలర్ బ్రేకులను డ్రైవరు సీటు నుంచే నడిపించే కంట్రోలర్ లేని బండిని కొనకు. నాకు నిద్ర పట్టనివ్వనిది యాక్సిల్ రేషియో. చక్రం ఒక్కసారి తిరగడానికి, ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు మోసుకెళ్ళే కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె అది. అంకె పెద్దదైతే లాగే బలం పెరుగుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది.

2014లో నేను 3.21 అంకె ఉన్న బండి కొన్నాను. అదే ఇంజిన్‌తో 3.92 బండి పక్కనే ఉంది. "ఇంజిన్ ఒకటే కదా" అన్నాడు అమ్మే అతను. మైలేజీ కలిసొస్తుందన్న ఆశలో నాకూ ఆ మాటే నచ్చింది. "కొండలు ఎక్కుతుందో లేదో ఒకసారి ఏ బండి ఎంత లాగుతుందో చెప్పే పట్టిక చూడండి" అంది మీ పెద్దమ్మ. చూడలేదు. చిన్న భాగహారం చేసినా తెలిసేది: 3.92ని 3.21తో భాగిస్తే 1.22. ఏ గేరులో ఉన్నా చక్రానికి 22 శాతం ఎక్కువ బలం అందేది.

జులైలో ట్రైలర్ తగిలించుకుని డల్లాస్ నుంచి బయలుదేరాం. వెనుక సీటులో మీ నాయనమ్మ. టెక్సాస్ మైదానాల్లో బండి హాయిగా నడిచింది. డెన్వర్ దాటి ఐ-70 హైవే మీద జార్జ్‌టౌన్ ఊరు వచ్చేసరికి గేర్‌బాక్స్ ఒకచోట నిలవడం మానేసింది. పై గేరు పడుతుంది, లాగలేక కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. ఆ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. చివరికి గేర్‌బాక్స్ వేడెక్కిందని దీపం వెలిగింది. రోడ్డు పక్కన ఆపాను. ప్రతి లారీ పోయినప్పుడల్లా ట్రైలర్ ఊగుతుంటే మీ నాయనమ్మ కళ్ళు మూసుకుని జపం చేస్తూ కూర్చుంది.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. సొరంగం దాటితే సిల్వర్‌థోర్న్ ఊరు దాకా దాదాపు 8 మైళ్లు బాగా ఏటవాలుగా దిగుడే. బ్రేకులు పోయిన లారీలు దూరి ఆగడానికి పక్కన ప్రత్యేకంగా దారులు వేశారంటే అర్థం చేసుకో. ముందే కింది గేరు వేసి, బండిని ఇంజిన్‌తో పట్టుకుంటూ దిగాలి. యాక్సిల్ అంకె చిన్నదైతే ఆ పట్టు కూడా తగ్గుతుంది. అప్పట్లో నాకు ఇవేవీ తెలియవు. కాలు బ్రేకు మీదే పెట్టి దిగాను. సగం దూరంలో కాలిన వాసన వచ్చింది. ఇంకాస్త దిగాక పెడల్ మెత్తబడింది. కిందికి ఎలా చేరానో ఇప్పటికీ చెప్పలేను. ఆపేసరికి చక్రాల నుంచి పొగ వస్తోంది. మీ నాయనమ్మ దిగి, వణుకుతున్న నా చేతులు చూసి, మంచినీళ్ళ సీసా అందించింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు నాలాగే చేస్తే నేను తిడతాను, చెబుతున్నాను.

నీకు 3.73 సరిపోతుంది. పది గేర్ల టర్బో బండి అయితే 3.55 చాలని అంటారు, అందులో నిజముంది. అయినా ఆ దిగుడు చూసినవాణ్ణి కాబట్టి, దొరికితే ఒక మెట్టు పెద్ద అంకే తీసుకోమంటాను. అల్లుడికి పెద్ద టైర్ల మోజు ఉందని విన్నాను. 32 అంగుళాలవి తీసి 35 వేస్తే 3.73 కాస్తా 3.41లా పనిచేస్తుంది. నా మాటగా అతనికి చెప్పు.

సామాను సర్దడం మీ తాతయ్యను చూసి నేర్చుకున్నాను. ఎడ్లబండిలో బస్తాలు ఎక్కించాక ఆయన కాడిని చేత్తో ఎత్తి చూసేవాడు. వెనుక బరువైతే కాడి లేచి ఎద్దుల గొంతుకు తాడు బిగుస్తుంది. ముందు బరువైతే మెడ మీద పడుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కుకు తగిలించే కొక్కెం మీద ఉండాలి. తగ్గితే అది వెనకాల తోకలా ఊగుతుంది.

సంతకం పెట్టే ముందు బండి మీది యాక్సిల్ అంకె ఫోటో తీసి నాకు పంపు. అర్ధరాత్రయినా ఫర్వాలేదు. మొదటిసారి సొరంగం దాటే రోజు ముందే చెబితే నేనూ పెద్దమ్మా డెన్వర్ వస్తాం. వెనుక సీటులో నాకు చోటు ఉంచు.

మీ పెదనాన్న