మీ నాన్నకి ఎలా చెప్పాలంటే

చిరంజీవి చిట్టికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఫోన్లో మాట్లాడితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను ఇంకేదో సంగతిలోకి వెళ్ళిపోతాను. అందుకే రాస్తున్నాను. నువ్వు ఇష్టపడ్డ ఆ నల్లజాతి అమెరికన్ అబ్బాయిని చేసుకోవాలా వద్దా అని నువ్వు అడగలేదు కాబట్టి ఆ జోలికి పోను. తెనాలిలో అన్నయ్యకీ వదినకీ ఎలా చెప్పాలని కదా అడిగావు. ఇన్నేళ్ళుగా న్యూజెర్సీలో ఉండి మనవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పంచాయితీలు చాలానే చూశాను.

ముందు నీ మెసేజ్‌లో నాకు నచ్చని ముక్క చెబుతాను. "నల్లవాడే గానీ చాలా మంచి కుటుంబం అత్తయ్యా, వాళ్ళమ్మ స్కూల్లో ప్రిన్సిపాల్, మందు ముట్టడు, మనం అనుకునే రకం కాదు" అని రాశావు. మీ నాన్న ముందు ఈ మాట నీ నోట్లోంచి రాకూడదు. ఆ 'గానీ' తగిలించావంటే నలుపు ఒక లోపమని నువ్వే ఒప్పుకున్నట్టు, దానికి బదులుగా వాళ్ళమ్మ ఉద్యోగమూ అతని అలవాట్లూ తక్కెడలో వేస్తున్నట్టు. ఇంక బేరమే. రేపు అతని ఉద్యోగం పోతే? వాళ్ళ బాబాయి కొడుకు ఎవడో కారులో వెళ్తుంటే పోలీసులు ఆపితే? "నేను ముందే చెప్పానా" అంటారు. పైగా ఏదో ఒకరోజు ఈ మాట అతని చెవిన పడుతుంది. తనవాళ్ళందర్నీ కిందపడేసి తనొక్కణ్ణి పైకెత్తావని తెలిస్తే అతనికెలా ఉంటుందో ఆలోచించు.

కాబట్టి చెప్పేటప్పుడు పేరు, ఊరు, అతనంటే నీకు ఎందుకిష్టమో చెప్పు. నల్లజాతి అమెరికన్ అని కూడా మొదటి ఫోన్లోనే చెప్పు. "అమెరికన్ అబ్బాయి" అని చెప్పి ఊరుకున్నావంటే వదిన మనసులో తెల్లవాణ్ణి ఊహించుకుని నాలుగు రోజులు సర్దుకుంటుంది, ఆ తర్వాత ఫొటో చూసి నువ్వు మోసం చేశావంటుంది. ఆ అనడంలో కొంత న్యాయం కూడా ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయి తెల్లవాణ్ణి చేసుకున్నప్పుడు మీ నాన్నే వచ్చి దగ్గరుండి పెళ్ళి జరిపించాడు. వియ్యపురాలు పట్టుచీర కట్టుకుని అక్షింతలు వేస్తున్న ఫొటోని తెనాలి తీసుకెళ్ళి వీధి వీధంతా చూపించాడు. కులం గురించి కిమ్మనలేదు. అదే మా పక్క టౌన్‌లో ఉండే స్నేహితురాలి కొడుకు నల్లమ్మాయిని చేసుకున్నాడు. హాలంతా చమ్కీ కవర్లు తొడిగిన కుర్చీలు. మనవాళ్ళ వైపు సగం పైగా ఖాళీ. వస్తామన్నవాళ్ళకి సరిగ్గా ఆరోజే జ్వరాలొచ్చాయి. మా స్నేహితురాలు పీటల పక్కన కూర్చుని తలుపు వైపే చూస్తోంది. పదకొండింటికి క్యాటరింగ్ అబ్బాయి వచ్చి, పులిహోర చాలా మిగిలేట్టుంది, ట్రేల్లో ప్యాక్ చేసేయమంటారా అనడిగాడు. అమ్మాయి తరఫువాళ్ళు మాత్రం పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ముసలమ్మలతో సహా అందరూ వచ్చారు. చివరికి ఆ పులిహోర తిన్నదీ వాళ్ళే, బాగుందని మళ్ళీ అడిగి వేయించుకున్నదీ వాళ్ళే.

జనాభిప్రాయ సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ 1958లో అడిగితే నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు పెళ్ళి చేసుకోవడం సరేనన్న అమెరికన్లు నూటికి 4 మంది. 2021లో అదే సంస్థ అడిగితే 94 మంది. బాగానే ఉంది. ఫోన్లో సరే అనడం సులువు, వచ్చి కుర్చీలో కూర్చోవడమే కష్టం. మనవాళ్ళనైతే ఎవరూ ఫోన్ చేసి కూడా అడగలేదనుకుంటా.

మీ నాన్న ప్లీడరు. కన్నీళ్ళకి కరగడు కానీ కేసు చెబితే చెవి పెడతాడు. భగత్ సింగ్ థింద్ కేసు చెప్పు. పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పట్లో ఆసియా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడి పౌరసత్వం మామూలుగా దొరికేది కాదు, తెల్లవాడో ఆఫ్రికా సంతతివాడో అయి ఉండాలి. నేను ఆర్యుణ్ణి, అగ్రకులంవాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని ఆయన వాదన. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికన్ నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, మా దేశంలో అగ్రకులంవాడు ఆదివాసిని అలాగే చూస్తాడని కూడా ఆయన తరఫున రాసి ఇచ్చారు. అది తమకు పనికొచ్చే వాదన అనుకున్నారు, చూడు! 1923లో అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. అంతకుముందు పౌరసత్వం పొందిన మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. మళ్ళీ మనకి ఆ హక్కు వచ్చింది 1946లో. మనం ఇంతమందిమి రాగలిగింది మాత్రం 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వల్ల. నల్లవాళ్ళు రోడ్లమీద దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి 1964లో పౌరహక్కుల చట్టం సాధించుకున్నారు. ఆ ఊపు లేకపోతే ఏ దేశంవాడు ఎంతమంది రావాలన్న పాత కోటాలు అంత తొందరగా పోయేవి కావు. నీ చెల్లెలి భర్త వీసా, నా ఇల్లు, మా అమ్మాయి పెళ్ళి, అన్నీ ఆ గేటులోంచి వచ్చినవే. ఇది చెప్పాక అన్నయ్య కాసేపు మాట్లాడడు. నువ్వూ మాట్లాడకు.

వదిన మాత్రం దేవుణ్ణి తెస్తుంది. "ఎవర్ని ఎక్కడ పుట్టించాలో ఆయనకి తెలీదా" అంటుంది. వర్జీనియాలో ఒక జడ్జి సరిగ్గా ఇదే రాశాడు. 1958లో రిచర్డ్ లవింగ్ అనే తెల్లాయన, మిల్డ్రెడ్ అనే నల్లావిడ వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని సొంతూరు తిరిగొస్తే, షెరీఫ్ అర్ధరాత్రి పడగ్గదిలోకి వచ్చి పట్టుకెళ్ళాడు. పాతికేళ్ళు కలిసి ఈ రాష్ట్రంలో అడుగుపెట్టం అంటే జైలు తప్పిస్తామన్నారు. దేవుడు ఒక్కో జాతిని ఒక్కో ఖండంలో పెట్టాడంటే కలవకూడదనే కదా అని ఆ జడ్జి వాదం. సుప్రీం కోర్టు దాన్ని 1967 జూన్ 12న కొట్టేసింది. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళని చేసుకోకూడదన్న ఈ నిషేధం అప్పటికింకా 16 రాష్ట్రాల్లో ఉంది. ఇదంతా వదినకి చెప్పినా వినదు. నువ్వు మనసులో పెట్టుకో, చాలు.

ఇక చెప్పే పద్ధతి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు చెప్పకు, చుట్టాల మధ్యలో వాళ్ళకి ఏడవడానికి కూడా చోటుండదు. మ్యాట్రిమొనీలో నీ ప్రొఫైల్ ఇంకా ఉందన్నావు. అది ముందు తీయించు. లేకపోతే ఏ కెనడా సంబంధం వాళ్ళకో మాటిచ్చేస్తారు, తర్వాత ఆ పరువు ఒకటి నీ నెత్తిన పడుతుంది. ఇద్దరికీ ఒకేసారి చెప్పు. ఒకరికి చెప్పి రెండోవాళ్ళకి చేరవేయమంటే చేరేసరికి ఇంకో కథవుతుంది.

వదిన అన్నం మానేస్తుంది, బీపీ పెరిగిందంటుంది. నిజంగానే పెరగొచ్చు. పక్కింటి వాళ్ళకి ఫోన్ చేసి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళమను, మందుల ఖర్చు పంపు, రోజూ పలకరించు. పెళ్ళి గురించి ఎత్తితే మాత్రం "అమ్మా, అది చెప్పేశాను కదా" అని ఊరుకో. ఆలోచిస్తానని మాత్రం అనకు. ఆ ఒక్కమాట పట్టుకుని ఏడాది లాగుతారు.

అన్నయ్య చెయ్యెత్తే మనిషి కాదని నాకు తెలుసు. కానీ మన వంశంలో అందరూ అలాంటివాళ్ళు కారు. 2018లో మిర్యాలగూడలో ఎవరో అమ్మాయి దళిత కుర్రాణ్ణి చేసుకున్నందుకు, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే ఆస్పత్రి ముందు అతన్ని నరికేశారు. రంగు అయినా కులం అయినా ఆ విషం ఒకటే. అందుకని, నాయనమ్మకి సీరియస్, వెంటనే రా అని ఫోనొస్తే టికెట్ కొనేముందు నాకు చెప్పు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు.

కాగితాల సంగతి. తెనాలిలో గుళ్ళో తాళి కట్టించుకుంటే సరదాగా ఉంటుంది కానీ హిందూ వివాహ చట్టం కింద చెల్లదు, ఇద్దరూ హిందువులై ఉండాలి. అక్కడే చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మీలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులుండాలి, తర్వాత నోటీసు ఆఫీసు బోర్డుమీద ఇంకో 30 రోజులు వేలాడుతుంది, ఊరంతా చదువుతుంది. ఎందుకొచ్చిన గొడవ! మీ అట్లాంటాలోనే ప్రొబేట్ కోర్టు ఇచ్చే పెళ్ళి లైసెన్సుతో చేసుకోండి, మనవైపు తంతు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. పెళ్ళి రిజిస్టరయి రెండేళ్ళు దాటాక అతను ఓసీఐకి, అదే వీసా లేకుండా ఇండియా వచ్చిపోయే కార్డుకి, పెట్టుకోవచ్చు, అప్పటిదాకా వీసా మీద రావాలి.

నీ హెచ్1బీ ఉద్యోగ వీసా సంగతి జాగ్రత్త. గ్రీన్ కార్డు కోసం చేసుకుందని మనవాళ్ళూ అంటారు, వాళ్ళవాళ్ళూ అనుకుంటారు. పెళ్ళికి ముందు ఆ ప్రస్తావనే తేకు, నీ హెచ్1బీని నడవనీ. తర్వాత అప్లై చేసినప్పుడు అద్దె అగ్రిమెంటు, బ్యాంకు ఖాతా ఇద్దరి పేరుమీదా ఉండాలి. ఇంటర్వ్యూలో అన్నీ గుచ్చి గుచ్చి అడుగుతారు. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే కార్డొస్తే అది రెండేళ్ళ షరతు కార్డు. అయ్యో అని కంగారుపడకు.

ఇప్పుడు అతని వైపు. వాళ్ళ నాయనమ్మది అలబామా అన్నావు. అక్కడి రాజ్యాంగంలోంచి ఈ నిషేధం వాక్యాన్ని తీసేయడానికి 2000లో ఓటింగ్ పెడితే, ఉంచాలని నూటికి 40 మంది దాకా వేశారు. ఆవిడకి అది గుర్తుంటుంది. నిన్ను చూసి మొహం చిట్లిస్తే నొచ్చుకోకు. మనం ఇండియా షాపులో నల్లవాళ్ళు కనిపిస్తే హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కోవడం ఆవిడ చూడకుండా ఉందా? ఆదివారం చర్చికి పిలిస్తే వెళ్ళు, భోజనానికి కూర్చో, గిన్నెలు కడగడానికి లే. నీ దేవుళ్ళని వదలనని మాత్రం అతనికి ఇప్పుడే చెప్పు.

అసలు గొడవలు రంగు దగ్గర రావు, నా మాట విను. నెలనెలా నువ్వు తెనాలికి పంపే డబ్బు, ఆర్నెల్లకోసారి అన్నయ్యా వదినా వచ్చి మీ ఇంట్లో ఉండటం, ఇవి అతనికి తెలుసా? మన ఇంట్లో ఏమనబోతున్నారో కూడా ముందే చెప్పు, ఆ మాటలు యథాతథంగా. తెలిశాక వస్తానంటే రమ్మను. వచ్చినప్పుడు కాళ్ళకి దండం పెట్టడం నేర్పించి బొమ్మలా నిలబెట్టకు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి నమస్కారం పెడితే చాలు. గోంగూర పెట్టి తింటాడో లేదో అని అందరూ చుట్టూ నిలబడి చూడటం ఒకటి ఉంటుంది మనకి, అది నువ్వే ఆపాలి.

అన్నయ్య మధ్యాహ్నం పడుకుని నాలుగున్నరకి లేస్తాడు. కాఫీ తాగేదాకా ఆగి ఫోన్ చెయ్యి, నీకు పొద్దున్నే అవుతుంది. చెప్పాక నాకు ఒక మెసేజ్ పెట్టు. నేను ఆ రోజు చేయను, మర్నాడు చేస్తాను. నీవల్లే చెడిపోయిందని ఓ గంట నన్ను తిడతాడు. తిట్టనీ, ఆ తర్వాత మా అల్లుడి ఫొటో సంగతి ఎత్తుతాను.

మీ అత్తయ్య