అమ్మమ్మ రాసి దాచిన ప్రేమ నవలలను ఏమి చేయాలి?

మీ అమ్మమ్మగారు ప్రేమ నవలలు రాసేవారని, ఆవిడ పోయాక బీరువాలో ఇరవై దాకా రాతప్రతులు దొరికాయని, వాటిని ఎవరిచేతనైనా సరిదిద్దించి అచ్చు వేయించవచ్చా అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఎవరి చేతికీ ఇవ్వకండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా పెద్దమ్మ చెన్నై సైదాపేటలో ఉండేది. 1970లలో వారపత్రికలకు సీరియళ్లు రాసింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలుగా వచ్చిన కాలం అది. అద్దెకు నవలలిచ్చే షాపులు వీధి వీధికీ ఉండేవి. పెద్దమ్మ రాసినవాటిలో పుస్తకాలుగా వచ్చినవి రెండే. పెదనాన్న ఆఫీసుకు వెళ్లాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని రాసేది. ఒక్కో విడత చివర 'సశేషం' అని రాసి కింద రెండు గీతలు గీసేది. కాగితం వెనకవైపు పాల లెక్కలు ఉండేవి.

ఎవరికైనా ఇచ్చేముందు, ఏ రాతప్రతి ఎందుకు అచ్చు కాలేదో తెలుసుకోండి. ఇంగ్లండులో ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ 2000లో చనిపోయేనాటికి అచ్చు కాని నవలలు 160 మిగిల్చారు. ఆవిడ సోఫాలో పడుకుని చెబుతుంటే సెక్రటరీ రాసుకునేవారు. ఆ వేగంతో వచ్చిన నవలలు కాబట్టే అన్ని మిగిలాయి. వాటిని తరువాత కుటుంబం వరుసగా బయటికి తెచ్చింది. మన ఇళ్లలో దొరికేవి అన్నీ అలాంటివి కావు. కొన్ని పత్రికల నుంచి తిరిగి వచ్చినవి, కొన్ని సగంలో ఆగినవి, కొన్ని అచ్చయిన నవలలకే మొదటి రూపాలు. ఈ మూడో రకాన్ని నకలు అనుకుని పారేయకండి. మేము దాదాపు ఆ పని చేశాము.

పెద్దమ్మ సీరియల్ ఒకటి తిరుపతిలో పెళ్లితో ముగుస్తుంది. ట్రంకు పెట్టెలో దొరికిన ప్రతిలో ఆ పెళ్లే లేదు. టైపిస్టు అయిన నాయిక రాజమండ్రికి బదిలీ ఒప్పుకుని మద్రాసు సెంట్రల్‌లో రైలెక్కుతుంది. నాయకుడు వస్తాడు, ఆపడు. కిటికీలోంచి నీళ్ల కూజా అందిస్తాడు, దాని మూతికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. అధ్యాయం అక్కడితో అయిపోతుంది. ఆ కాగితాల మధ్యలోనే సంపాదకుడి ఇన్లాండు లెటరు ఉంది, పెళ్లితో ముగించమని. మా పెద్దమ్మ ఏమి రాయాలనుకుందో నాకు నలభై ఏళ్ల తరువాత ఆ కూజా దగ్గర తెలిసింది.

ఇదే ప్రతిని మొదట్లో తెలిసిన రచయిత ఒకరికి ఇచ్చాము. ఆయన మంచి మనసుతోనే 'ఈ కాలానికి తగినట్టు' మార్చారు. కూజా పోయి వాటర్ బాటిల్ వచ్చింది, ఉత్తరాలు పోయి ఫోను వచ్చింది. చదివి అమ్మ ఏడ్చింది. వెంటనే వెనక్కి తెచ్చుకున్నాము. అక్షర దోషాలు దిద్దించండి, అంతకు మించి ఒక్క వాక్యం కూడా మార్చనివ్వకండి. సగంలో ఆగిన నవలను సగంలోనే అచ్చు వేయండి.

కాగితాల సంగతి. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె మునిగింది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు ఆరబెడితే మిగిలాయి. ఇంకుపెన్నుతో రాసిన ఒక నోటుపుస్తకం మొత్తం నీలిమరకగా మారింది, ఒక్క మాట కూడా చదవలేకపోయాము. అందుకే అన్నిటికంటే ముందు స్కాన్ చేయించండి, వెనకవైపుతో సహా. తుప్పు పట్టిన గుండుసూదులను మెల్లగా తీయండి. చిరుగులకు సెల్లోటేపు అతికించకండి, లామినేషన్ అసలే వద్దు. దొరికిన వరుస మార్చకుండా కట్టలకు అంకెలు వేయండి.

హక్కుల విషయంలో రచయిత వారసులందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టుకోవడం మంచిది. మన చట్టం ప్రకారం, బతికుండగా అచ్చయిన రచనలకు రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మరణం తరువాత మొదటిసారి అచ్చయిన వాటికి ఆ 60 ఏళ్లు అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి లెక్క. పత్రికలు, ప్రచురణకర్తల పాత ఉత్తరాలు ఉంటే జాగ్రత్త చేయండి. హక్కులు ఎవరికి రాసిచ్చారో వాటిలోనే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. పెద్దమ్మ దస్తూరి చదవగలిగినది ఇప్పుడు మా అమ్మ ఒక్కతే. 'గ'కూ 'స'కూ తేడా నాకు తెలియదు, అమ్మ మాత్రం తడుముకోకుండా చదువుతుంది. రోజూ సాయంత్రం కాఫీ తరువాత ఒక అధ్యాయం చదివిస్తున్నాను, ఫోనులో రికార్డు చేస్తున్నాను. మధ్యలో ఆగి, ఈ పాత్ర ఫలానా పక్కింటావిడ అని చెబుతుంది, అది కూడా రాసుకుంటున్నాను. మీ అమ్మగారికి ఆ దస్తూరి చదవడం వస్తే ఈ వారమే మొదలుపెట్టండి.