మిడ్‌వే (1976): పెన్నూ కాగితం పక్కన పెట్టుకుని చూడండి

ప్రశ్న ఇది: "1976లో వచ్చిన మిడ్‌వే సినిమా నిండా పెద్ద స్టార్లే ఉన్నారట. ఇప్పుడు చూడొచ్చా? అందులో ఎంత నిజం? 2019లో వచ్చిన మిడ్‌వే చూస్తే సరిపోదా?"

చూడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో మిడ్‌వే దీవుల దగ్గర అమెరికా, జపాను నౌకాదళాలు కొట్టుకున్న కథ ఇది. నేను మొదటిసారి చూసినట్టు మాత్రం చూడకండి.

అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. విశాఖలో మా వీధి చివర సీడీలు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. అట్ట మీద చార్ల్‌టన్ హెస్టన్, హెన్రీ ఫోండా, రాబర్ట్ మిచమ్, తొషిరో మిఫునే అని వరసగా పేర్లు చూసి తెచ్చుకున్నాను. అరగంట గడిచాక ఏ ఓడ ఎవరిదో తెలియడం మానేసింది. అన్నీ బూడిద రంగే. కాసేపటికి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఏదో ఓడ తగలబడిపోతోంది. సంతోషించాలో బాధపడాలో కూడా తెలియలేదు.

రెండోసారి చాలా ఏళ్ళ తర్వాత, నాన్నతో కలిసి చూశాను. నాన్న ఓడల మరమ్మతు యార్డులో ముప్పై ఏళ్ళ పైచిలుకు వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఇంగ్లిష్ సినిమా ఓ పట్టాన ఎక్కదు. పది నిమిషాలకే "ఆపమ్మా, ఎవరేటో రాసివ్వు" అన్నారు. కరెంటు బిల్లు వెనక రాసిచ్చాను. జపాను వైపు నాలుగు విమానవాహక నౌకలు: అకాగి, కాగా, సోర్యు, హిర్యు. అమెరికా వైపు మూడు: ఎంటర్‌ప్రైజ్, హార్నెట్, యార్క్‌టౌన్. ఆ ఏడు పేర్లు చేతిలో ఉంటే సినిమా మొత్తం అర్థమవుతుంది. మన ఘాజీ చూసి నచ్చి దీనికి వస్తున్నవాళ్ళకి మరీ చెబుతున్నాను. అక్కడ కథంతా సబ్‌మెరైన్‌లో ఇరుక్కుని ఉంటుంది, దారి తప్పే అవకాశం లేదు. ఇక్కడ రెండు పక్షాల ఓడలూ ఒకదాన్నొకటి కంటితో చూడకుండానే యుద్ధం అయిపోతుంది. కొట్టుకునేది విమానాలే.

మిడ్‌వే యుద్ధం 1942 జూన్ 4న మొదలైంది. హవాయికి వాయవ్యంగా రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న రెండు చిన్న దీవులు మిడ్‌వే. వాటి మీద దాడి చేస్తే అమెరికా నౌకలు పరుగెత్తుకొస్తాయి, వచ్చినవాటిని వచ్చినట్టే ముంచేద్దామని జపాను అడ్మిరల్ యమమోతో పథకం. జపాను రహస్య సందేశాల్లో ఆ చోటికి "ఏఎఫ్" అని పేరు పెట్టుకున్నారు. హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్‌లో ఓ నేలమాళిగలో కూర్చుని జపాను కోడ్‌లు విప్పే జోసెఫ్ రోష్‌ఫోర్ట్ బృందానికి ఏఎఫ్ అంటే మిడ్‌వే అనే అనుమానం. పై అధికారులకి నమ్మకం కుదరాలి కదా! సముద్రం అడుగు కేబుల్ మీద మిడ్‌వేకి చెప్పి, "మా దగ్గర మంచినీళ్ళ ప్లాంటు చెడిపోయింది" అని మామూలు భాషలో రేడియో సందేశం పంపించారు. అది విన్న జపాను వాళ్ళు "ఏఎఫ్‌లో నీళ్ళకి కటకట" అని తమ కోడ్‌లో ఒకరికొకరు చెప్పుకున్నారు. దొరికిపోయారు. ఇది సినిమావాళ్ళు కల్పించింది కాదు, నిజంగా జరిగిందే. రోష్‌ఫోర్ట్ వేషం హాల్ హోల్‌బ్రూక్ వేశాడు. నాకు సినిమాలో అందరికన్నా నచ్చింది అతనే. అసలు రోష్‌ఫోర్ట్ ఈ సినిమా విడుదలైన మరుసటి నెల, 1976 జూలైలో చనిపోయాడు. ఆయనకి పెద్ద పతకం దక్కింది ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1980లలో.

ఇక స్టార్ల సంగతి. ఇంతమందిని పెట్టడం డబ్బు చూపించుకోవడానికే అని మొదట అనుకున్నాను. రెండోసారి చూస్తుంటే దానికీ ఓ ప్రయోజనం ఉందనిపించింది. అందరిదీ ఒకే యూనిఫాం. ఫోండాని గుర్తుపట్టగానే అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతి నిమిట్జ్ అని, గ్లెన్ ఫోర్డ్ కనబడగానే ఆయన కింద నౌకల దండు నడిపిన స్ప్రూయన్స్ అని తెలిసిపోతుంది. మిచమ్ అంతటివాడు అడ్మిరల్ హాల్సీ వేషంలో ఆసుపత్రి మంచం మీదే పడుంటాడు. అదీ నిజమే, చర్మవ్యాధి వచ్చి హాల్సీ ఈ యుద్ధానికి వెళ్ళలేకపోయాడు. ఫోండాకైతే మిడ్‌వే కొత్త కాదు. 1942లో జాన్ ఫోర్డ్ ఆ దీవి మీదే ఉండి, బాంబులు పడుతుండగా తీసిన డాక్యుమెంటరీలో ఫోండా గొంతు వినిపిస్తుంది. తర్వాత ఆయన నౌకాదళంలో చేరాడు కూడా.

ఒక చిత్రం గమనించండి. పెద్ద ముఖాలన్నీ దాదాపు గదుల్లోనే ఉంటాయి, మ్యాపుల ముందు, ఫోన్ల దగ్గర. విమానం ఎక్కి చచ్చిపోయేవాళ్ళవి ఎక్కువగా మనకి గుర్తుండని ముఖాలు. హార్నెట్ నుంచి ఎగిరిన టార్పెడో స్క్వాడ్రన్ 8 సంగతే చూడండి. 15 విమానాల్లో 30 మంది వెళ్ళారు. అన్ని విమానాలూ కూలిపోయాయి. జార్జ్ గే అనే కుర్రాడు ఒక్కడే, సీటు కుషన్ కింద తల దాచుకుని నీళ్ళలో తేలుతూ బతికాడు. వాళ్ళ టార్పెడో ఒక్కటీ తగల్లేదు. ఆ స్క్వాడ్రన్ సీను దగ్గర నాన్న టీ గ్లాసు కింద పెట్టేశారు.

హెస్టన్ చేసిన మాట్ గార్త్ పాత్ర మాత్రం పూర్తిగా కల్పితం. అతని కొడుకు పైలట్, ఆ కుర్రాడు ప్రేమించిన అమ్మాయి జపాను మూలాలున్న అమెరికన్, ఆమెని నిర్బంధిస్తారు. విషయం మంచిదే, అమెరికాలో జపాను మూలాలున్న వాళ్ళకి అప్పట్లో నిజంగా జరిగిన అన్యాయం అది. కానీ యుద్ధం మధ్యలో సీరియల్ ఎపిసోడ్ అతికించినట్టుంటుంది. ఫార్వర్డ్ చేసుకున్నా నేనేం అనను.

అసలు చిరాకు ఇంకోటి. యుద్ధ దృశ్యాల్లో చాలా భాగం ఈ సినిమా కోసం తీసినవి కావు. 1970 నాటి టోరా! టోరా! టోరా! అనే సినిమా నుంచి కొంత, అంతకు ముందు వచ్చిన జపాను సినిమా నుంచి కొంత, నౌకాదళం తీసిన అసలు ఫుటేజీ కొంత. మొదట్లో టోక్యో మీద దాడి చూపించే ముక్క 1944 నాటి సినిమాలోది, రంగు వేసి వాడుకున్నారు. అందుకే ఓ షాట్‌లో ఒక విమానం కనిపిస్తే, మరు షాట్‌లో ఇంకో రకం విమానం కనిపిస్తుంది. అన్నిటికన్నా ఘోరం క్లైమాక్స్. (కథ తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేయండి.) హెస్టన్ విమానం డెక్ మీద దిగుతూ కూలిపోయే షాట్‌లో ఉన్నది జెట్ విమానం! 1951లో జరిగిన అసలు ప్రమాదం ఫుటేజీ అది. ఆ ప్రమాదం జరిగిన ఓడ పేరు కూడా మిడ్‌వేయే కావడం ఇంకో విడ్డూరం.

మిఫునేకి వేరే నటుడి చేత ఇంగ్లిష్ డబ్బింగ్ చెప్పించారు. జపాను అధికారులంతా తమలో తాము ఇంగ్లిష్ మాట్లాడుకుంటారు. ఆ రోజుల్లో థియేటర్లలో సెన్సరౌండ్ అని ప్రత్యేకంగా పెద్ద స్పీకర్లు పెట్టి సీట్లు అదిరేలా చేసేవారు, ఆ హంగంతా ఇంట్లో టీవీలో ఏమొస్తుంది?

నాన్న నిటారుగా కూర్చుంది యార్క్‌టౌన్ దగ్గర. మే 8న ఆస్ట్రేలియా దగ్గరి కోరల్ సముద్రంలో జరిగిన పోరులో బాంబు దెబ్బ తింది ఆ ఓడ. రిపేరుకి మూడు నెలలు పడుతుందని అంచనా. నిమిట్జ్ మూడు రోజులిచ్చాడు. పద్నాలుగు వందల మంది దాకా రాత్రీ పగలూ పనిచేశారు. మే 30న ఓడ బయల్దేరింది. "అవ్వదమ్మా. మూడు రోజుల్లో రిపేరు అవ్వదు. లోపల విరిగినవాటికి దుంగలు అడ్డం పెడతారు, ప్లేట్లు అతికేసి పంపేస్తారు, అంతే" అన్నారు. సరిగ్గా అదే జరిగింది. యుద్ధానికి సరిపడా అతుకులు వేశారు. అది మునిగిపోయిందనే జపాను వాళ్ళు అనుకుంటున్నారు.

జూన్ 4 ఉదయం పదిన్నరకి కాస్త ముందు, కొద్ది నిమిషాల తేడాలో మూడు జపాను నౌకలు అంటుకున్నాయి. ఎంటర్‌ప్రైజ్ నుంచి వచ్చిన విమానాల నాయకుడు మెక్లస్కీ పెట్రోలు అయిపోతున్నా వెతుకుతూ, ఒంటరిగా వేగంగా పోతున్న ఓ జపాను డిస్ట్రాయర్‌ని చూసి దాని వెనకే వెళ్ళాడు. అలా కాగా, అకాగి దొరికాయి. సోర్యుని కొట్టింది యార్క్‌టౌన్ విమానాలు. నేనది చెప్పగానే నాన్న కాగితం మీద సోర్యు కొట్టేసి, యార్క్‌టౌన్ కింద గీత గీశారు. హిర్యు విమానాలు యార్క్‌టౌన్ మీదకి రెండుసార్లు వచ్చాయి. మొదటి దెబ్బ తర్వాత మంటలార్పి మళ్ళీ నడిపించేసరికి, రెండోసారి వచ్చినవాళ్ళు ఇది ఇంకో ఓడ అనుకున్నారు. సాయంత్రానికి హిర్యు పనీ అయిపోయింది. యార్క్‌టౌన్‌ని లాక్కెళ్తుంటే జపాను సబ్‌మెరైన్ కొట్టింది, జూన్ 7న మునిగింది. జపాను వైపు మూడు వేల మందికి పైగా, అమెరికా వైపు మూడు వందల మందికి పైగా పోయారు.

ఎంత నిజం అన్నారు కదా. ఆకారం నిజం. ఒకటి మాత్రం పాత కథ: జపాను విమానాలన్నీ డెక్ మీద బారులు తీరి ఉన్నాయి, ఇంకో అయిదు నిమిషాల్లో ఎగిరేవి, ఇంతలో బాంబులు పడ్డాయి అంటారు. తర్వాత జపాను రికార్డులు చదివి రాసిన చరిత్రకారులు దాన్ని కొట్టేశారు. దాడికి వెళ్ళాల్సిన విమానాలు అప్పటికి కింద హ్యాంగర్లలోనే ఉన్నాయి. హ్యాంగర్లలో బాంబులు, టార్పెడోలు, పెట్రోలు కలిసి ఉండటం వల్లే ఆ మంటలు ఆర్పలేకపోయారు.

2019 సినిమాలో గ్రాఫిక్స్ వీడియో గేమ్‌లా ఉన్నా, ఏ విమానం ఎటు పోతోందో తెలుస్తుంది. కల్పిత హీరో బదులు డిక్ బెస్ట్, లేటన్, మెక్లస్కీ లాంటి అసలు మనుషులే ఉన్నారు. జపాను వాళ్ళు జపనీస్ మాట్లాడతారు. కానీ పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి నుంచి మొదలుపెట్టి ఆరు నెలలూ రెండుంపావు గంటల్లో కుక్కేశారు, ఊపిరాడదు. పిల్లలతో చూడాలంటే అదే పెట్టండి. ఒక్కటే చూస్తానంటే నా ఓటు 1976 దానికే. ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలియక, అరకొర వార్తతో నిర్ణయం తీసుకోవాల్సిన టెన్షన్ అందులోనే ఉంది. జపాను విమానవాహక నౌకల దండు నడిపిన నగుమో పాత్రలో జేమ్స్ షిగెటా ముఖం చూడండి చాలు. మొదటి ముప్పావు గంట ఓపిక పట్టాలి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

మాకు ఇంకో తగులం కూడా ఉంది దీంతో. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని, ఎడ్లబండి మీద పల్లెకి పోయామని నానమ్మ చెప్పేది. మా ఇంట్లో వయసులు "బాంబులు పడ్డ ఏడు"కి ముందా వెనకా అని లెక్కపెట్టేవారు. అదే వారంలో కొలంబో, ట్రింకోమలీల మీద పడ్డ నగుమో దండులో అకాగి, సోర్యు, హిర్యు ఉన్నాయి. రెండు నెలలకి మిడ్‌వే దగ్గర మూడూ మునిగాయి.

సినిమా అయ్యాక నాన్న అడిగారు, "మరి మన ఊరి మీదకొచ్చింది వీటిలో ఏది?"

ఇవేవీ కావు, దాని పేరు ర్యూజో, జూన్‌లో అది అలాస్కా వైపు దీవుల మీద దాడికి పోయింది, ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర మునిగింది అని చెప్పాను. స్పెల్లింగు అడిగి, కాగితం అడుగున ఎనిమిదో పేరుగా రాసుకున్నారు. రాసి, అడ్డంగా కొట్టేశారు.